పిలవవలసినవారు పిలవకపోతే: బాలీ ప్రాసెస్ నాయకత్వంపై ప్రసంగ పాఠం

(విశాఖపట్నంలో న్యాయవాదులు, అధ్యాపకులు, వలస వెళ్ళినవారి కుటుంబాలు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. పెద్దలకు, విద్యార్థులకు, ముఖ్యంగా వెనుక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. మీలో కొందరి పిల్లలు ఇంకా తిరిగి రాలేదని నాకు తెలుసు. అమ్మా, మీరు ముందుకు వచ్చి కూర్చోండి. ఈ మాటలు ముందుగా మీకోసమే.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేది బాలీ ప్రాసెస్ గురించి. మనుషుల్ని దొంగచాటుగా దాటించడం, మనుషుల అక్రమ రవాణా అనే రెండు నేరాల మీద మన ప్రాంతపు దేశాలు కలిసి మాట్లాడుకునే వేదిక అది. ఆ విషయం దగ్గర మన భాషలో ఒక చిక్కు ఉంది. పత్రికలో 'మానవ అక్రమ రవాణా' అనే శీర్షిక చూస్తాం. డబ్బు తీసుకుని మనుషుల్ని దొంగచాటుగా సరిహద్దు దాటించే ముఠా పట్టుబడినా అదే శీర్షిక. ఉద్యోగమని నమ్మించి తీసుకువెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, గదిలో పెట్టి పని చేయించుకునే ముఠా పట్టుబడినా అదే శీర్షిక. రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం. కానీ అవి ఒకటేనా? కావు. మొదటిదానిలో దాటేవాడికి తాను ఏం చేస్తున్నాడో తెలుసు, ఒప్పుకునే డబ్బిస్తాడు, అవతలి ఒడ్డు చేరగానే దాటించినవాడితో లెక్క తీరిపోతుంది. అక్కడ జరిగింది రాజ్యం గీసిన హద్దు మీద నేరం. రెండోదానిలో లెక్క అవతలి ఒడ్డు చేరిన తరువాతే మొదలవుతుంది. అది మనిషి మీద నేరం. దానికి సరిహద్దు దాటవలసిన అవసరం కూడా లేదు, పక్క జిల్లా ఇటుక బట్టీలో కూడా జరగవచ్చు.

ఐక్యరాజ్యసమితి 2000 సంవత్సరం నవంబరులో వ్యవస్థీకృత నేరాల మీద ఒడంబడికను ఆమోదించినప్పుడు ఈ రెంటికీ రెండు వేరు వేరు ప్రోటోకాల్‌లు, అంటే అనుబంధ ఒప్పందాలు, రాసింది. అదే ఏడాది డిసెంబరులో ఇటలీలోని పలెర్మో నగరంలో ఒడంబడిక సంతకాలకు వచ్చింది కనుక వాటిని పలెర్మో ప్రోటోకాల్‌లు అంటారు. భారతదేశం 2011లో వాటిని ధ్రువీకరించింది. రెండోదానిలో ఒక గొప్ప నియమం ఉంది: మోసంతోనో, బెదిరింపుతోనో, నిస్సహాయతను వాడుకునో రాబట్టిన ఒప్పుదలకు విలువ లేదు. 'మీవాడు ఇష్టపడే వెళ్ళాడు కదా' అని అధికారి అడిగినప్పుడు మనం చెప్పవలసిన జవాబు అదే. ఇష్టపడి విమానం ఎక్కాడు, నిజమే. పద్దెనిమిది గంటల పనికి, కరెంటు షాకులకు ఇష్టపడలేదు.

ఈ తేడాతో ఎందుకు మొదలుపెట్టానంటే, బాలీ ప్రాసెస్ పూర్తి పేరులోనే ఈ రెండు నేరాలూ పక్కపక్కన ఉన్నాయి. రెంటిలో దేనికి ముందు పీట వేస్తున్నారన్నదే ఆ వేదిక నాయకత్వాన్ని కొలిచే కొలబద్ద అని నా అభిప్రాయం.

ఆ వేదిక ఎలా పుట్టింది

2001 ఆగస్టు నెలాఖరున టాంపా అనే నార్వే సరకు ఓడ హిందూ మహాసముద్రంలో మునిగిపోతున్న ఒక పడవలో నుంచి 438 మందిని ఎక్కించుకుంది. ఎక్కువమంది ఆఫ్ఘనిస్తాన్‌లోని హజారా తెగవారు. దగ్గరలో ఉన్నది ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవి. ఆస్ట్రేలియా వారిని దిగనివ్వలేదు, సైనికుల్ని ఓడ మీదికి పంపింది. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరు 19న, ఇండోనేషియా నుంచి బయలుదేరిన మరో పడవ మునిగింది. సుమారు 400 మంది ఎక్కిన ఆ పడవలో 353 మంది చనిపోయారు. వారిలో 146 మంది పిల్లలు.

ఆ పడవను పంపినవాడు ఈజిప్టు దేశస్థుడు. అతడు ఇండోనేషియాలో దొరికాడు. దొరికితే ఏమైంది? మనుషుల్ని దొంగచాటుగా దాటించడం నేరమని చెప్పే చట్టం అప్పట్లో ఇండోనేషియాలో లేదు. 353 మంది చావుకు కారకుడైనవాడిని అక్కడ పాస్‌పోర్టు, వీసా ఉల్లంఘనల కింద కొద్ది నెలలు జైలులో పెట్టగలిగారు, అంతే. తరువాత ఈజిప్టులో విచారణ జరిగి శిక్ష పడింది. న్యాయవాద మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, ప్రాంతీయ వేదిక ఎందుకు కావలసి వచ్చిందో అర్థమవుతుంది. పడవ ఎక్కింది ఒక దేశంలో, మునిగింది అంతర్జాతీయ జలాల్లో, చనిపోయినవారు ఎక్కువగా ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌ల వారు, దళారి ఈజిప్టువాడు, వారు చేరాలనుకున్నది ఆస్ట్రేలియా. ఏ ఒక్క దేశపు పోలీసు స్టేషనులోనూ ఆ కేసు ఇమడదు.

2002 ఫిబ్రవరి చివరి వారంలో ఇండోనేషియా, ఆస్ట్రేలియా విదేశాంగ మంత్రులు బాలీ దీవిలో ఈ ప్రాంతపు మంత్రులను సమావేశపరిచారు. అక్కడ పుట్టినదే బాలీ ప్రాసెస్. ఆ రోజు సభాపతులుగా కూర్చున్న ఆ రెండు దేశాలే ఇప్పటికీ సహాధ్యక్షులు. సభ్యత్వం ఇప్పుడు 45 దేశాలకు, నాలుగు అంతర్జాతీయ సంస్థలకు పెరిగింది. శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం, అంతర్జాతీయ వలసల సంస్థ, మాదకద్రవ్యాలు, నేరాల మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి కార్యాలయం, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ నాలుగు. భారతదేశం సభ్యురాలు. థాయిలాండ్, మయన్మార్, కంబోడియా, లావోస్, చైనా సభ్యులు. ఈ పేర్లను మనసులో ఉంచుకోండి, మళ్ళీ వాటి దగ్గరికి వస్తాను.

ఈ వేదికకు శాసనాధికారం లేదు. ఇక్కడ చేసిన తీర్మానం ఎవరినీ కట్టిపడేయదు. ఎవరూ సంతకం పెట్టిన సంధి కాదిది, స్వచ్ఛందంగా వచ్చి కూర్చునే సభ. మరి ప్రయోజనమేమిటి అని మీరు అడగవచ్చు. ఉంది. ఇండోనేషియా 2007లో మనుషుల అక్రమ రవాణా మీద ప్రత్యేక చట్టం చేసింది, 2011 వలస చట్టంలో దొంగచాటుగా దాటించడాన్ని నేరంగా చేర్చింది. ఇలాంటి మార్పులన్నీ ఈ సభ వల్లనే వచ్చాయని నేను అనను. కానీ ఇరుగుపొరుగు ముందు కూర్చుని, మా దేశంలో ఇంకా చట్టం లేదని మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసి రావడం కూడా ఒక ఒత్తిడే. 2012లో బ్యాంకాక్‌లో ఒక ప్రాంతీయ సహాయక కార్యాలయం తెరిచారు. అక్కడ అధికారులకు శిక్షణ ఇస్తారు. ఈ రెండు నేరాలను చట్టంలో ఎలా నిర్వచించాలో చెప్పే మార్గదర్శకాలు 2014లో వెలువడ్డాయి, అవి రెండు వేరు వేరు పుస్తకాలు.

అధ్యక్ష పీఠం మీద కూర్చోవడమంటే

ఆజ్ఞాపించే అధికారం లేని సభకు అధ్యక్షుడి చేతిలో ఏముంటుంది? మన ఊళ్ళ సంగతే చూడండి. ఊరి పెద్ద చేతిలో లాఠీ ఉండదు, కోర్టు ముద్ర ఉండదు. రచ్చబండ దగ్గరికి నలుగురినీ పిలిచే చనువు ఉంటుంది. గొడవ ముదరకముందే పిలిస్తే అతడు పెద్దమనిషి. ఇళ్ళు తగలబడ్డాక వచ్చి పరామర్శిస్తే? బాలీ ప్రాసెస్ సహాధ్యక్షుల చేతిలో ఉన్నది కూడా ఆ పిలుపే. ఎప్పుడు పిలవాలి, ఎవరిని పిలవాలి, బల్ల మీద ఏ విషయం పెట్టాలి. ఇంతకు మించి వారికి ఏ అధికారమూ లేదు, కాని ఇది చిన్న అధికారం కాదు.

దాన్ని వారు ఎలా వాడారో సంవత్సరాలే చెబుతాయి. మంత్రుల సమావేశాలు 2002లో, 2003లో జరిగాయి. ఆ తరువాత ఆరేళ్ళు లేవు. ఎందుకు లేవు? ఆస్ట్రేలియాకు పడవలు రావడం దాదాపు ఆగిపోయింది గనుక. 2009లో మళ్ళీ పిలిచారు. ఎందుకు? పడవలు మళ్ళీ మొదలయ్యాయి గనుక. 2011, 2013, 2016, 2018 వరకు మూడేళ్ళు తిరగకుండానే కలుస్తూ వచ్చారు. ఆ మీదట కోవిడ్ వచ్చింది, తరువాతి సమావేశం 2023 ఫిబ్రవరిలో అడిలైడ్‌లో జరిగింది. తొలి ఏళ్ళలో ఈ వేదిక నాడి క్రిస్మస్ దీవి వైపు వచ్చే పడవల లెక్కను బట్టి కొట్టుకుంది. ఈ ప్రాంతమంతటా మనుషులు అమ్ముడుపోతున్నారన్న బాధ కన్నా, ఒక దేశపు తీరానికి మనుషులు వస్తున్నారన్న కలవరం దాన్ని ఎక్కువగా నడిపించింది. ఇది కఠినమైన మాటేనని నాకు తెలుసు, అయినా చెప్పవలసిన మాట.

పోనీ, ఆ ఇద్దరు అధ్యక్షుల మధ్యనైనా పొత్తు కుదిరిందా? 2013 నవంబరులో ఆస్ట్రేలియా నిఘా సంస్థ ఇండోనేషియా అధ్యక్షుడి ఫోను మీద, ఆయన భార్య ఫోను మీద కన్నేసిందన్న సంగతి బయటపడింది. ఇండోనేషియా తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది, పడవల విషయంలో ఆస్ట్రేలియాకు ఇస్తున్న సహకారాన్ని నిలిపివేసింది. అదే సమయంలో ఆస్ట్రేలియా నౌకాదళం పడవలను ఇండోనేషియా వైపు తిప్పి పంపడం మొదలుపెట్టింది, ఇండోనేషియా దాన్ని బహిరంగంగా నిరసించింది. 2014 ఆగస్టులో రెండు దేశాలూ ఒక అవగాహనకు వచ్చి సంతకాలు పెట్టాకగానీ మళ్ళీ దారిలో పడలేదు. ఒక సభకు ఇద్దరు అధ్యక్షులుండి, ఆ ఇద్దరి మధ్య మాటలు లేకపోతే సభ్యులు ఎవరి ముఖం చూడాలి?

ఇప్పుడు 2015 మే నెలకు వస్తున్నాను. నా దృష్టిలో ఈ వేదిక చరిత్రలో అతి బాధాకరమైన నెల అది. మే 1న థాయిలాండ్ దక్షిణ కొసన, పాడాంగ్ బెసార్ దగ్గరి అడవిలో ఒక శిబిరం బయటపడింది. అందులో గోతులు, గోతుల్లో శవాలు. రోహింగ్యాలను, బంగ్లాదేశ్ వారిని పడవల్లో తెచ్చి, ఆ అడవిలో బంధించి, ఇళ్ళకు ఫోన్లు చేయించి డబ్బు రాబట్టే శిబిరాలవి. డబ్బు రానివారు అక్కడే పోయారు. అదే నెలలో మలేషియా వైపు, వాంగ్ కెలియన్‌లో 139 సమాధులు దొరికాయి. థాయిలాండ్ దాడులు మొదలుపెట్టగానే దళారులు భయపడి, సముద్రంలో ఉన్న పడవలను, వాటిలోని మనుషులతో సహా, వదిలేసి పారిపోయారు. వేల మంది అండమాన్ సముద్రంలో తిండి, నీళ్ళు లేకుండా తేలుతున్నారు. మూడు దేశాల నౌకాదళాలు ఆ పడవలను ఒకరి జలాల్లో నుంచి ఒకరి జలాల్లోకి నెట్టాయి.

సరిగ్గా ఇలాంటి రోజు కోసమే కదా ఈ వేదిక పుట్టింది? మునిగే పడవ, మూడు నాలుగు దేశాలు, దళారుల వల. పదమూడేళ్ళుగా ఈ రోజు గురించే మాట్లాడుకున్నారు. ఆ రోజు రానే వచ్చింది. సహాధ్యక్షులు సభను పిలవలేదు. మే 20న మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ విదేశాంగ మంత్రులు మలేషియాలోని పుత్రజయలో విడిగా కలుసుకున్నారు. మలేషియా, ఇండోనేషియా తాత్కాలికంగా ఆశ్రయమిస్తామన్నాయి. మే 29న థాయిలాండ్ బ్యాంకాక్‌లో మరో సమావేశం పెట్టింది. అవన్నీ బాలీ ప్రాసెస్ బయట జరిగినవి. ఆ రోజుల్లోనే, ఆ రోహింగ్యాలలో కొందరికైనా తమ దేశంలో చోటిస్తారా అని అడిగితే ఆస్ట్రేలియా ప్రధాని ఒకే మాటను మూడుసార్లు పలికి ససేమిరా అన్నారు. ఆయన దేశం ఆ వేదికకు సహాధ్యక్షురాలు.

అప్పుడు ఆ పడవల దగ్గరికి ముందుగా వెళ్ళిందెవరో తెలుసా? ఆచే రాష్ట్రపు జాలర్లు. సుమత్రా ఉత్తర కొసన ఉన్న ఆచేలో పాంగ్లిమా లావోత్ అనే సంప్రదాయ వ్యవస్థ ఉంది. సముద్రపు పెద్ద అని అర్థం. సముద్రంలో ఆపదలో ఉన్నవాడు ఎవడైనా సరే, ఒడ్డుకు చేర్చడం వారి ఆచారం ప్రకారం విధి. మన జాలరిపేటల్లో కులపెద్దలు వేటకు పోయినవారి బాగోగులు చూసుకోవడం ఇక్కడ కూర్చున్నవారికి తెలియనిది కాదు. మంత్రులు ఎవరిది బాధ్యత అని వాదించుకుంటున్న రోజుల్లో, ఆ జాలర్లు సుమారు 1,800 మంది ఒడ్డు చేరడానికి దారి అయ్యారు. 45 దేశాల వేదికకు లేని స్పష్టత వారికి ఉంది.

సహాధ్యక్షులు ఆ తప్పును ఒప్పుకున్నారని చెప్పకపోతే నేను న్యాయంగా మాట్లాడినట్టు కాదు. 2016 మార్చిలో బాలీలో కలిసిన మంత్రులు తమ ప్రకటనలో, ఇలాంటి విపత్తు వస్తే సహాధ్యక్షులు వెంటనే సంబంధిత దేశాలను సంప్రదింపులకు పిలిచే ఏర్పాటును చేర్చారు. అంటే అధ్యక్షుడికి మొదటినుంచీ ఉన్న ఒకే ఒక్క అధికారాన్ని, వాడవలసిన సమయంలో వాడలేదు గనుక, కాగితం మీద మళ్ళీ రాసి ఇచ్చుకున్నారు. మంచిదే. కానీ ఆ తరువాత సముద్రం శాంతించిందా? శరణార్థుల హైకమిషనర్ లెక్క ప్రకారం 2023లో దాదాపు 4,500 మంది రోహింగ్యాలు పడవలెక్కారు, 569 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఎక్కిన ప్రతి ఎనిమిది మందిలో ఒకరు.

ఈ వేదికను ఇంత విమర్శిస్తున్నారు, సంధి రాసుకుంటే సరిపోతుందంటారా అని ఒక విద్యార్థి ఇందాక బయట అడిగాడు. మంచి ప్రశ్న. మన దక్షిణాసియానే చూడండి. బాలీ సభకు రెండు నెలలలోపే ముందు, 2002 జనవరిలో, ఖాట్మండులో సార్క్ దేశాలు స్త్రీల, పిల్లల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అది కట్టుబడి ఉండవలసిన ఒప్పందం. కానీ సార్క్ శిఖరాగ్ర సభ 2014 నవంబరు తరువాత జరగలేదు. పైగా ఆ ఒప్పందంలో అక్రమ రవాణా అంటే వ్యభిచారం కోసం చేసేది మాత్రమే. బలవంతపు చాకిరీ కోసం తీసుకువెళ్ళిన మగపిల్లవాడు దాని లెక్కలోకి రాడు. సార్క్‌కు రాతపూర్వకమైన ఒప్పందం ఉంది, పిలిచే పెద్ద లేడు. బాలీకి పిలిచే పెద్దలున్నారు, కట్టిపడేసే రాత లేదు. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను బాలీనే ఎంచుకుంటాను. ఇద్దరు అధ్యక్షులు ఇరవై ఏళ్ళకు పైగా తలుపు మూయకుండా ఉంచారు, అందుకు వారికి మెప్పు దక్కవలసిందే.

రంగం దారి

ఇక మన సంగతికి వద్దాం. ఉత్తరాంధ్రలో 'రంగం' అనే మాట తెలియని ముసలివారు ఉండరు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అన్నారు. అక్కడివాళ్ళు మనల్ని కోరంగి రేవు పేరు మీద కోరంగీలు అన్నారు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ఇంటికి బయానా ఇచ్చేవాడు, ఓడ ఖర్చు అప్పుగా రాసుకునేవాడు, ఆ అప్పు తీరేదాకా కూలీ అతని చేతి కిందే. నూరేళ్ళ తరువాత అదే బర్మా గడ్డ మీద, థాయిలాండ్ హద్దున మోయీ నది ఒడ్డున, మ్యావాడీలో మన పిల్లలు చిక్కుకున్నారు. బయానా ఇచ్చే మేస్త్రీ పోయాడు, ఇప్పుడు ఏజెంటే ముందుగా డబ్బు తీసుకుంటున్నాడు. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమంటాడు. టూరిస్టు వీసా మీద దింపుతాడు. అక్కడి నుంచి కారులో థాయిలాండ్ హద్దు ఊరు మే సోట్, అక్కడి నుంచి నది దాటిస్తారు. ఆ నది దాటేటప్పుడు మనవాడు చట్టం కళ్ళకు దొంగచాటుగా హద్దు దాటిన మనిషి, దాటిన మరుక్షణం బానిస. ఇందాక నేను వేరు వేరన్న రెండు నేరాలూ ఒకే పిల్లవాడి మీద ఒకే రాత్రి జరుగుతాయి. అతడిని ఏ పేరుతో పిలవాలో తేల్చవలసింది ఈ వేదిక వంటివే.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన అంచనా ప్రకారం ఇలాంటి ఆన్‌లైన్ మోసాల కేంద్రాల్లో మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో 1,00,000 మంది దాకా నిర్బంధంలో ఉండవచ్చు. 2024 మేలో మన విశాఖ పోలీసులు కంబోడియాకు యువకులను పంపుతున్న ఏజెంట్ల మీద కేసు పట్టినప్పుడే మనలో చాలామందికి సిహనూక్‌విల్ అనే ఊరి పేరు తెలిసింది. అదే నెలలో అక్కడ వందల మంది భారతీయులు గదుల్లో నుంచి బయటికి వచ్చి నిరసన తెలిపారు. 2025 ఫిబ్రవరిలో థాయిలాండ్ మ్యావాడీ వైపు కరెంటు, ఇంధనం, ఇంటర్నెట్ ఆపేసింది. వేల మంది బయటపడ్డారు. మార్చిలో రెండు రోజుల్లో వాయుసేన విమానాలు మే సోట్ నుంచి 549 మంది భారతీయులను తీసుకువచ్చాయి.

ఇప్పుడు ఇందాక మనసులో ఉంచుకోమన్న పేర్లను గుర్తు చేసుకోండి. పిల్లవాడు బయలుదేరిన భారతదేశం, దిగిన థాయిలాండ్, చిక్కిన మయన్మార్ లేదా కంబోడియా, ముఠా నాయకులలో చాలామంది సొంత దేశమైన చైనా, అందరూ ఆ ఒక్క గదిలోనే సభ్యులు. థాయిలాండ్ సహాధ్యక్షులతో కలిసి వేదికను నడిపే సారథ్య బృందంలో ఉంది. ఆ బృందంలోని దేశాలు నాలుగే: ఆస్ట్రేలియా, ఇండోనేషియా, న్యూజిలాండ్, థాయిలాండ్. వలస వెళ్ళేవారు చేరాలనుకునే దేశాలున్నాయి, వారి దారిలో పడే దేశాలున్నాయి. కానీ పిల్లలను పోగొట్టుకునే దేశాల్లో ఇండోనేషియా తప్ప మరొకటి ఉందా? భారత్ లేదు, బంగ్లాదేశ్ లేదు, నేపాల్ లేదు, ఫిలిప్పీన్స్ లేదు. పీఠం దగ్గర కూర్చున్నవారికి తమ తీరానికి వచ్చే పడవ కనిపించినంత స్పష్టంగా, శ్రీకాకుళం నుంచో నిజామాబాద్ నుంచో బయలుదేరే బస్సు కనిపించదు. నేను వారి చిత్తశుద్ధిని శంకించడం లేదు, వారు కూర్చున్న చోటు నుంచి కనిపించేది అంతే. అందుకే భారతదేశం ఆ సారథ్య బృందంలో చోటు కోరాలని, ఆ మాట మన పార్లమెంటు సభ్యుల చేత ఢిల్లీలో అడిగించాలని నేను ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను.

చోటు అడిగేవారు ముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలని ఎవరైనా అంటే, అది న్యాయమైన మాటే. మన వలసల చట్టం 1983 నాటిది. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపే ఏజెంటుకు ఆ చట్టం వేయగల జరిమానా గరిష్ఠంగా 2,000 రూపాయలు, జైలు రెండేళ్ళు. పిల్లవాడి దగ్గర లక్షన్నర తీసుకున్నవాడికి 2,000 రూపాయలంటే ఏమిటి? ఇంకొకటి. పదో తరగతి పాసైనవారికి వలస అనుమతి అవసరం లేదు, అనుమతి అవసరమైన దేశాల జాబితాలో కంబోడియా, లావోస్, మయన్మార్ లేవు. గల్ఫ్‌కు వెళ్ళే తాపీ మేస్త్రీ కాగితాలను ఎవరో ఒకరు చూస్తారు. డిగ్రీ చదివి కంబోడియా వెళ్ళే పిల్లవాడి కాగితాలను ఎవరూ చూడరు. చదువుకున్నవాడు మోసపోడన్న నమ్మకం మీద కట్టిన చట్టమిది. ఈ ముఠాలకు కావలసింది సరిగ్గా ఆ చదువుకున్నవాడే, కంప్యూటరూ ఇంగ్లీషూ వచ్చినవాడే.

మరొక చిక్కు అన్నిటికన్నా బాధపెడుతుంది. ఆ గదుల్లో మన పిల్లల చేత చేయించిన పని ఏమిటి? ఫోన్లు చేసి మనవాళ్ళనే మోసం చేయడం. తెలుగువాడి చేత తెలుగువాడికే ఫోను చేయించారు. తిరిగి వచ్చాక వీళ్ళు బాధితులా, నిందితులా? ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ 2015లో చేసుకున్న ఒప్పందం, అక్రమ రవాణాకు గురైనవారు ఆ నిర్బంధంలో చేసిన పనులకు వారిని శిక్షించకుండా ఉండడాన్ని పరిశీలించాలని అంటుంది. అది ఆసియాన్ దేశాల వరకే. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ బాధితుని ఒప్పుదలకు విలువ లేదంటుంది, అంతవరకు బాగుంది. కానీ దోపిడీ అంటే ఏమిటో చెప్పేచోట బలవంతంగా నేరం చేయించడాన్ని పేరు పెట్టి చెప్పలేదు. శారీరక దోపిడీ, బానిసత్వం అన్న మాటల కింద మేము వాదించుకోవలసి వస్తోంది. బాలీ ప్రాసెస్ సహాధ్యక్షులు 45 దేశాల ముందు పెట్టవలసిన మొదటి విషయం ఇదేనని నేనంటాను: బలవంతాన నేరం చేసినవాడిని గుర్తించడానికి అన్ని దేశాలూ వాడే ఒకే ప్రశ్నల పట్టిక. అది మే సోట్‌లో థాయ్ అధికారి అడిగి రాసుకుంటే, ఢిల్లీ విమానాశ్రయంలోనూ, ఇక్కడి స్టేషనులోనూ చెల్లాలి. దీనికి సంధి అక్కరలేదు. పిలిచి కూర్చోబెట్టి, ఒప్పించేవారు చాలు.

నిరుడు ఒక తండ్రి నా దగ్గరికి వచ్చారు. పేరు, ఊరు చెప్పను. కొడుకు తిరిగి వచ్చాడు. బతికి వచ్చాడు, అదే పదివేలు అనుకున్నారు. నెల తరువాత మరో రాష్ట్రం నుంచి నోటీసు వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన పోగొట్టుకున్న పెన్షన్ డబ్బు కేసులో ఈ పిల్లవాడి గొంతు ఉన్న రికార్డింగు దొరికిందట. ఆ పెద్దాయన నష్టం నిజం. ఈ పిల్లవాడి వీపు మీది మచ్చలూ నిజం. 'అమ్మా, మావాడు దొంగా, దొంగలకు చిక్కినవాడా? ఎవరు చెబుతారు?' అని ఆ తండ్రి అడిగారు. మ్యావాడీలో తనను బంధించారని రుజువు చేసే కాగితం ఒక్కటి కూడా అతని దగ్గర లేదు. నది దాటి వచ్చినప్పుడు ఏ దేశమూ అతనికి ఆ కాగితం ఇవ్వలేదు. చేతిలో ఉన్నదల్లా వీసా గడువు మించి ఉన్నాడన్న థాయిలాండ్ ముద్ర.

ఆ కేసు వచ్చే నెల వాయిదాకు వస్తుంది. ఆ తండ్రి ఈ సభలోనే ఉన్నారు, నా అనుమతితో కాదు, తన ఇష్టంతో వచ్చారు. నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందుగా ఆ వెనుక వరుసల నుంచి ముందుకు వచ్చిన తల్లులకు మైకు ఇవ్వండి.